ఎండకు గోడ, గోడకు శాసనం

బెజవాడను బ్లేజువాడ అని హాస్యమాడిన ఇంగ్లీషు చదువరులు పూర్వం చాలామంది ఉండేవారు. ఆ ఎండను గురించి ఈ ఊరివారికే చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడం వంటిది. ఆ పనికి మేము పూనుకోవడం లేదు. మేము చెప్పదలచినది ఎండకు మనం అడ్డుపెట్టుకున్న గోడలను గురించి, ఆ గోడ ఎట్లా ఉండవలెనో నిర్ణయిస్తూ ఏలినవారు చేసిన శాసనాలను గురించి.

మన ప్రాంతంలో కట్టడం కట్టేవానితో ప్రభుత్వం మూడుసార్లు మాట్లాడినది. మొదట నిప్పు మాట చెప్పినది. తరువాత గాలి మాట చెప్పినది. మూడవసారి కరెంటు మాట చెప్పినది. ఈ మూడవ మాట మన రాష్ట్రంలో శాసనరూపం ధరించినది 2014 జనవరిలో. వ్యాపార భవనాలు విద్యుత్తును దుబారా చేయకుండా కట్టబడవలెనని దాని సారాంశం. పేరు ఇంధన పొదుపు భవన నియమావళి. పేరు విన్నవారు తక్కువ, చదివినవారు మరీ తక్కువ. చరిత్రలో దానికి ముందు ఏమి జరిగినదో తెలియకపోతే అది ఎందుకు వచ్చినదో అర్థం కాదు గనుక కాస్త వెనుకనుంచి వస్తాము.

అంతకుముందు ఒక ఒప్పుదల. రేడియో స్టూడియోలో పంకా తిరగరాదు; రెక్కల చప్పుడు మైకులో పడుతుంది. కిటికీ ఉండరాదు, వీధిలోని రిక్షా గంట హరికథలో కలుస్తుంది. అందుచేత మూసిన గదిలో యంత్రంతో చల్లబరచిన గాలి మాకు విలాసం కాదు, పనిముట్టు. అట్టి గదులలో సగం జీవితం గడిపిన మాకు శీతలయంత్రాన్ని నిందించే అర్హత లేదు. అయితే ఒక సంగతి మేము చాలాసార్లు గమనించినాము. కరెంటు పోయి యంత్రం ఆగినప్పుడు స్టూడియో గది చాలాసేపు చల్లగానే ఉంటుంది. పైఅంతస్తులో స్లాబు కింద ఉన్న ఆఫీసు గది కొద్ది నిమిషాలలోనే ఉడికిపోతుంది. చప్పుడు లోనికి రాకుండా వేసిన రెండు వరుసల తలుపు, గోడకు తొడిగిన మెత్త, వేడిని కూడా ఆపుతున్నవి. యంత్రం ఒకటే, కరెంటు ఒకటే. తేడా అంతా గోడలో ఉన్నది.

ఇక కథకు వస్తాము. కృష్ణా డెల్టాలో సామాన్యుని ఇల్లు చాలాకాలం మట్టిగోడ, తాటాకు కప్పు. తాటాకు కప్పును చులకన చేయరాదు. పొరమీద పొరగా నేసిన ఆకుల నడుమ గాలి చిక్కుకొని ఉంటుంది. చిక్కుకున్న గాలి వేడిని దాటనీయదు. నేటి ఇంజనీర్లు నురుగు పలకలతో చేసే పనిని మన తాటిచెట్టు ఖర్చు లేకుండా చేసేది. దాని దోషం ఒక్కటే, నిప్పు. ఎండాకాలం పడమటి గాలికి ఒక పొయ్యిలోని రవ్వ ఎగిరితే పేటకు పేట బూడిద అయ్యేది. డెల్టా గ్రామాలలో ఈ అగ్నిప్రమాదాలు ఏటేటా జరిగేవి.

బెజవాడ 1888లో పురపాలక సంఘమైనది. 1920లో మద్రాసు రాజధానిలోని జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చినది. గుడ్డ, గడ్డి, ఆకు, చాప వంటి మండే సరుకుతో పైకప్పుగాని పందిరిగాని గోడగాని అనుమతి లేకుండా వేయరాదని అందులో విధించినారు. ఇది నిప్పు మాట. మంచి శాసనమే. ఎన్ని కొంపలు నిలబెట్టినదో లెక్క చెప్పలేము. కాని ఆకుతోబాటు ఆకు చేసిన చలువ కూడా పోయినది; దాని స్థానంలో ఏమి రావలెనో ఆ చట్టం అడగలేదు. నిప్పును గురించి వ్రాసిన శాసనానికి నిప్పే కనబడుతుంది. ఆ తరువాతి శాసనాల సంగతీ ఇంతే.

ఆకు పోయిన చోట డబ్బున్నవారి ఇండ్లకు పెంకు వచ్చినది. డబ్బు ఎక్కడిదంటే కాలువది. 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన బెజవాడ ఆనకట్టతో డెల్టా భూములకు నికరమైన నీరు దొరికినది, వరి పండినది, పండించినవాడు మండువా లోగిలి కట్టినాడు. ఈ మండువా ఇంటిని గురించి కొంచెం ఆగి చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే పొదుపు నియమావళిలో అంకెలుగా కనబడేవన్నీ అందులో ఇటుకగా, కొయ్యగా ఉన్నవి.

నాలుగు వైపుల వాలు కప్పులు, నడుమ ఆకాశం. నాలుగు కప్పుల మీది వాననీరు మండువాలో పడి తూము గుండా బయటకు పోతుంది. పగలు వేడెక్కిన గాలి తేలికయై ఆ నడిమి తెరపినుంచి పైకి పోతుంది. దాని స్థానంలోకి పంచలలోని నీడగాలి వస్తుంది. వీధివైపు అరుగు, దానిమీదికి వంగిన చూరు. ఎండ గోడను తాకకముందే చూరు పట్టుకుంటుంది. గోడ రెండడుగుల మందం. పగలు త్రాగిన వేడి లోపలికి చేరేటప్పటికి ప్రొద్దు గుంకుతుంది, అప్పటికి మనుషులు అరుగుమీదికో పెరటిలోకో పడకలు మార్చుకుంటారు. ఇంటి చల్లదనంలో సగం ఇంటిది, సగం ఇంటివారు రోజంతా నీడను వెంబడించి చోటు మారడానిది. ఈ రెండవ సగాన్ని మనం తరచు మరచిపోతాము. బడ్డీలో కూర్చున్న గుమాస్తా, కౌంటరు వెనుక నిలబడిన పిల్లవాడు నీడను వెంబడించి తిరగలేరు. వ్యాపార భవనం సమస్య ఇక్కడే మొదలవుతుంది.

పెంకులలో కూడా రెండు రకాలు. కుమ్మరి చక్రం మీద చేసిన నాటు పెంకు ఒకటి. మనవారు బంగాళాపెంకు అని పిలిచే మంగుళూరు పెంకు రెండవది. మంగుళూరులో బాసెల్ మిషను వారు 1865లో పెట్టిన కర్మాగారంతో ఆ పెంకు పుట్టి దక్షిణదేశమంతటా వ్యాపించినది. నాటు పెంకు గుల్లగా ఉండి గాలిని పట్టుకుంటుంది. మంగుళూరు పెంకు పలుచన, కాని కోతులకూ గాలివానకూ ఓర్చుకుంటుంది. పట్టణాలలో మేడ కట్టగలిగినవారు మద్రాసు టెర్రసు వేయించినారు. టేకు దూలాలు, వాటిమీద దంతెలు, దంతెలమీద నిలువునా పేర్చిన పలుచని ఇటుకలు, ఆపైన గానుగ సున్నంలో కలిపిన ఇటుక జల్లి. కరక్కాయ, బెల్లం నానవేసిన నీళ్ళు చల్లుతూ ఆడవారు వరుసగా కూర్చొని కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆ చెక్కల తాళానికి పాట ఉండేది. వన్‌టౌన్‌లో పాత వర్తకుల మేడలు కొన్నింటిపైన ఈ కప్పులు నేటికీ ఉన్నవి.

దొరల బంగళాలలో ఇంకొక ఏర్పాటు. వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి వాటిని తడుపుతూ ఉండడానికి ఒక మనిషి, పైన గుడ్డపంకా తాడు లాగడానికి మరొక మనిషి. అప్పటి చల్లదనానికి ఇంధనం మనిషి చెయ్యి. ఆ ఖర్చు ఏ మీటరులోనూ ఎక్కలేదు.

రెండవ మాట గాలిది. కలరా, మశూచి, ప్లేగు పట్టణాలను పీడించిన రోజులలో పారిశుద్ధ్యాధికారులు ఇరుకు గదిని శత్రువుగా చూచినారు. ఇంటి చుట్టూ ఇంత ఖాళీ ఉండవలె, గది నేలలో ఇన్నవ వంతు కిటికీ ఉండవలె, కప్పు ఇంత ఎత్తు ఉండవలె అని నియమాలు ఏర్పడినవి. 1920లోనే మద్రాసు పట్టణ నిర్మాణ చట్టం వచ్చినది. 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చినది. ఆ కాలంలోనే, 1914-15 సంవత్సరాలలో, స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడ్డెస్ పండితుడు మద్రాసు రాజధాని పట్టణాలు కొన్ని తిరిగి చూచినాడు. పాతపేటను పడగొట్టి వెడల్పాటి వీధులు వేయడం సులభమైన పని కాదనీ, మంచి పని అంతకన్నా కాదనీ, ఉన్న కట్టడాలను చూచి చెడ్డ భాగం మాత్రమే తీసివేసి బాగుచేయడం మేలనీ ఆయన వాదం. వైద్యుడు శస్త్రంతో తక్కువ కోయడం వంటిదన్నమాట. ఆయన మాట అప్పుడు ఎక్కువమంది వినలేదు.

మూడవ మాటకు ముందు కరెంటు రావలెను గదా. మనకు సమృద్ధిగా వచ్చినది 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తుతో. 1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడినది. సీలింగు పంకా మధ్యతరగతి ఇండ్లకు వచ్చినది. అదే కాలంలో సిమెంటు సులభమైనది. కృష్ణకు ఆవలి ఒడ్డున తాడేపల్లిలోనే ఒకప్పుడు సిమెంటు కర్మాగారం ఉండేది. గానుగ సున్నం పోయి సిమెంటు వచ్చినది, టేకు దూలం పోయి ఇనుపకడ్డీ వచ్చినది, నెల రోజులు కొట్టిన కప్పు పోయి ఒక్క రోజులో పోసిన స్లాబు వచ్చినది. ఐదారంగుళాల స్లాబు తుపానుకు చెక్కుచెదరదు. 1977 దివిసీమ ఉప్పెన చూచినవారికి స్లాబు విలువ వేరే చెప్పనక్కరలేదు. దానిని దూషించడం కృతఘ్నత. కాని ఎండకు అది పెనం వంటిది. మధ్యాహ్నం పైన పడిన వేడి సాయంకాలానికి సీలింగుకు దిగుతుంది. పంకా ఆ వేడిగాలినే తిప్పి మన తలమీద పోస్తుంది. అంతవరకు గోడ చేసిన పనిని ఇక పంకా, పంకా చేయలేని పనిని శీతలయంత్రం చేయవలసి వచ్చినది.

1979లో ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ పనిచేయ నారంభించినది. తరువాత దానికి డాక్టర్ నార్ల తాతారావుగారి పేరు పెట్టినారు. బొగ్గు సింగరేణి వైపునుంచి రైళ్ళలో రావలె. యంత్రాలను చల్లార్చే నీరు ప్రకాశం బారేజీ నిలిపిన కృష్ణనుంచి రావలె. డెల్టా వరిచేనుకు, నగరపు శీతలయంత్రానికి ఒకే మడుగు. ఏప్రిల్, మే నెలలలో కాలువలకు నీరు కట్టివేసిన రోజులలోనే నగరంలో యంత్రాలు ఎక్కువ తిరుగుతవి.

శీతలయంత్రం పుట్టుక తమాషా అయినది. 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుకూటంలో ఎండాకాలపు తేమకు కాగితం సాగి, ఒక రంగు పైన రెండవ రంగు సరిగా కూర్చునేది కాదు. కాగితాన్ని కాపాడడానికి విల్లిస్ కారియర్ అనే యువకుడు గాలిలోని తేమను పట్టే యంత్రాన్ని రూపొందించినాడు. మనుషుల సుఖం తరువాత తట్టిన సంగతి. ఇన్ని అచ్చుకూటాలు, ఇన్ని పుస్తకాల అంగళ్ళు ఉన్న మన ఏలూరు రోడ్డువారికి ఆ బ్రూక్లిన్ అచ్చుకూటం కష్టం తెలియనిది కాదు. పిమ్మట సినిమాహాళ్ళవారు దానిని అందిపుచ్చుకున్నారు. ఎ.సి. అన్న రెండక్షరాలు కథానాయకుని పేరుతో సమానంగా పోస్టరు మీద వెలసినవి. మండుటెండలో మ్యాట్నీ చూచినవారిలో బొమ్మకోసం వెళ్ళినదెందరో, చల్లదనంకోసం వెళ్ళినదెందరో వారికే తెలియాలి. సినిమాహాలుకు కిటికీలు లేవు, గోడలు మందం. యంత్రం అక్కడ అంత దుబారా కాదు.

దుబారా మొదలైనది అద్దంతో. 1952లో న్యూయార్కులో లీవర్ హౌస్ అనే ఆఫీసు మేడ కట్టినారు. గోడకు బదులు నిలువెల్లా అద్దం. ఎండకు మొగమువాచిన చలిదేశంలో ఎండను లోనికి పిలవడం వింత కాదు. కాని ఆ రూపం ఆధునికతకు గుర్తై ప్రపంచమంతటా పాకినది. మన బందరు రోడ్డు మీద, బెంజి సర్కిల్ పరిసరాలలో పడమటి మొగంగా నిలువెత్తు అద్దాలు బిగించిన దుకాణాలు చూడవచ్చును. సాయంకాలం నాలుగు గంటలకు లోపల తెరలు దించి, దీపాలు వెలిగించి, యంత్రాలు పెంచుతారు. వెలుతురుకోసం పెట్టిన అద్దానికి తెర వేసి దీపం పెట్టుకోవడం మన కాలపు వింతలలో ఒకటి. ద్వారం ఏ దిక్కున ఉండవలెనో అడగడానికి వాస్తు పండితుని నాలుగుసార్లు పిలిచినవారు కూడా, పడమటి సూర్యుడు ఏ కోణంలో లోనికి వస్తాడో ఒక్కసారి లెక్క వేయించరు.

అద్దం మేడలకు మొదటి దెబ్బ 1973 అక్టోబరులో తగిలినది. అరబ్బు దేశాలు చమురు బిగించినవి. కొద్ది నెలలలో ధర సుమారు నాలుగింతలైనది. అమెరికాలో శీతలయంత్రాల ఇంజనీర్ల సంఘం 1975లో భవనాలకు మొట్టమొదటి ఇంధన ప్రమాణాలు ప్రకటించినది. కాలిఫోర్నియా రాష్ట్రం 1978లో వాటి వంటి నియమాలను చట్టంగానే చేసినది. కట్టడం ఎంత బలంగా ఉన్నది, ఎంత గాలి ఆడుతున్నది అని మాత్రమే అడిగిన ప్రభుత్వం, అది ఎంత కరెంటు తింటుంది అని అడగడం అప్పటినుంచి.

మన దేశంలో ఆ ప్రశ్న ఆలస్యంగా వచ్చినది. అప్పటికి మన బాధ కరెంటు ఎక్కువ తినడం కాదు, తినడానికి లేకపోవడం. పార్లమెంటు 2001లో ఇంధన పొదుపు చట్టం చేసినది. 2002 మార్చిలో ఢిల్లీలో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడినది. 2007 మేలో భవన నియమావళి ప్రకటితమైనది, కాని ఇష్టమున్నవారు పాటించవచ్చునని మాత్రమే. చట్టం మొదట 500 కిలోవాట్ల భవనాలను దృష్టిలో పెట్టుకున్నది. 2010 సవరణతో ఆ హద్దు 100 కిలోవాట్లకు దిగినది. ఒకటిన్నర టన్నుల గది యంత్రం సుమారు ఒకటిన్నర కిలోవాటు తీసుకుంటుందనుకుంటే, ఇంచుమించు అరవై ఏడు యంత్రాల భవనమన్నమాట.

నిర్బంధం చేయవలసినది రాష్ట్రాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి మొదలైనవారి సహాయంతో తన నియమావళిని తయారుచేసి 2014 జనవరిలో పురపాలక శాఖ ఉత్తరువుగా వెలువరించినది. వేయి చదరపు మీటర్ల స్థలంగాని, రెండువేల చదరపు మీటర్ల కట్టుబడిగాని ఉన్న వ్యాపార భవనాలకు అది వర్తించినది. ఆసుపత్రులు, హోటళ్ళు, మల్టీప్లెక్సులు, సభా మందిరాలు ఎంత చిన్నవైనా దాని కిందికి వచ్చినవి. అదే సంవత్సరం జూన్ 2న రాష్ట్రం రెండైనది. ఆస్తులు, అప్పులతోబాటు ఈ ఉత్తరువు కూడా ఇరువురికీ వారసత్వంగా వచ్చినది. విజయవాడలో ఎన్నడూ లేనంతగా మేడలు లేవడం మొదలైనది కూడా ఆ సంవత్సరంనుంచే. శాసనం, సందర్భం ఇంత దగ్గరగా కలిసి రావడం చరిత్రలో అరుదు.

నియమాలలో ఏమున్నదో మేస్త్రీ భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాము. కేంద్రం 2017లో సవరించిన ప్రతి ప్రకారం, కోస్తా ఆంధ్రం చేరిన వెచ్చని తేమ ప్రాంతానికి లెక్క ఇది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దాటునో చూడవలెను. వట్టి స్లాబు గుండా మూడుకు పైగా దాటుతుంది. సాధారణంగా 0.33కు మించరాదని నియమం. అంటే సుమారు పదవ వంతు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ రెండు వాట్ల దరిదాపుల ఉంటుంది, దానిని 0.40కు దించవలెను. గోడలో నలభై పాళ్ళకు మించి అద్దం ఉండరాదు. ఉత్తరపు కిటికీలకు కొంత సడలింపు ఇచ్చి, తక్కిన దిక్కుల అద్దం తనపై పడిన ఎండవేడిలో 27 పాళ్ళకు మించి లోనికి పంపరాదన్నారు. అద్దంపైన చూరు దింపితే ఆ మేరకు లెక్కలో మినహాయింపు కలదు. సౌర ఫలకాలు, తోటలు లేని కప్పు తనపై పడిన ఎండలో కనీసం అరవై పాళ్ళు తిప్పికొట్టవలెను. అంటే తెల్లగా ఉండవలెను. దీపాలకు, మోటార్లకు, శీతలయంత్రాలకు వేరే లెక్కలు ఉన్నవి. వాటి జోలికి పోము. ఇవి ఒక్కొక్కటిగా పాటించలేనివారు మొత్తం భవనాన్ని కంప్యూటరు మీద పరీక్షించి, నమూనా భవనంకన్నా ఎక్కువ కరెంటు తినదని చూపవచ్చును. పాటించిన భవనం మామూలు భవనంకన్నా కనీసం పాతిక శాతం ఆదా చేస్తుందని నియమకర్తల అంచనా.

చూరు, మందపు గోడ, పరిమితమైన కిటికీ, సున్నపు తెలుపు: పాఠకులు ఈపాటికి మండువా లోగిలిని గుర్తుపట్టి ఉంటారు. అయితే శాసనం తాతగారి ఇంటిని తిరిగి కట్టమనలేదు. మూసిన గదిలో వంద మంది కూర్చొని పనిచేసే ఏడంతస్తుల మేడకు మండువా పనికిరాదు. మండువాలోని భౌతికశాస్త్రం మాత్రం పనికివస్తుంది. తెల్లని కప్పు విషయంలో హైదరాబాదు ప్రాంతంలోనే కొలిచి చూచినారు. అక్కడి వాణిజ్య భవనాలపై జరిగి 2012లో ప్రకటితమైన పరిశోధనలో, నల్లని కప్పును తెల్లచేస్తే చల్లబరచే విద్యుత్తులో 14 నుంచి 26 శాతం, వట్టి కాంక్రీటు కప్పును తెల్లచేస్తే 10 నుంచి 19 శాతం తగ్గినదని తేలినది. మన అమ్మమ్మలు సంక్రాంతికి వేయించిన సున్నానికి ఇంతకన్నా మంచి యోగ్యతాపత్రం అక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే ప్రత్యేకంగా ప్రకటించినది.

పాత భవనాల సంగతి ఇంకా చిక్కైనది. ఉన్న కట్టడానికి కొత్త భాగం చేర్చినప్పుడు, పాతా కొత్తా కలిసి వంద కిలోవాట్లు దాటితే, చేర్చిన భాగం నియమాలకు లోబడవలెను; లేదా మొత్తం భవనాన్ని కొత్తదానిగా భావించి లెక్క చూపవలెను. ముట్టని భాగాన్ని శాసనం ముట్టదు. గెడ్డెస్ పండితుని పద్ధతి ఇన్నాళ్ళకు ఇట్లా కాగితమెక్కినదనిపిస్తుంది, ఆయన పేరు అందులో లేకపోయినా.

ఇంతకూ ఈ శాసనం ఎవరి మేలుకు? ఇక్కడే అసలు పేచీ. గోడకు ఖర్చు పెట్టేది కట్టినవాడు. కరెంటు బిల్లు కట్టేది అద్దెకు వచ్చినవాడు. మందపు గోడకు ఇటుక మీద ఇటుక పేర్చినందువల్ల కట్టినవానికి లాభం లేదు సరిగదా, అద్దెకిచ్చే అడుగులు తగ్గుతవి. అద్దెదారు వచ్చేటప్పటికి గోడ లేచి ఉంటుంది. బేరం ఆడవలసిన ఇద్దరు ఆ సమయంలో ఒకచోట ఉండరు. అందుచేత వారి నడుమ మూడవవానిగా శాసనం నిలబడవలసి వచ్చినది. వారిద్దరితోబాటు నాలుగవ మనిషి కూడా ఉన్నాడు. మేడలోని వేడిని యంత్రం ఎక్కడ పారవేస్తుంది? వీధిలో. ఆ వీధిలో బండి పెట్టుకున్నవాడు, కొండవాలున రేకుల కప్పు కింద సంసారం చేసేవాడు ఆ గాలి పీల్చవలెను. 2015 మే నెల వడగాడ్పులలో మన రాష్ట్రంలో వేయిమందికి పైగా మరణించినారు. వారిలో శీతలయంత్రం ఉన్నవారు ఎందరుంటారు? పగలంతా కాగిన బెజవాడ కొండరాళ్ళ సెగ రాత్రి పేదవారి ఇండ్లమీదనే దిగుతుంది. వేసవి సాయంకాలం అందరి యంత్రాలు ఒక్కసారి తిరిగి తీగలు ఓర్వలేకపోతే, మొదట చీకటి అయ్యేది కూడా సాధారణంగా పెద్ద మేడ కాదు. దానికి జనరేటరు ఉంటుంది.

లోపాలు లేవని అనము. నియమావళి ఇంగ్లీషులో ఉన్నది. గోడ కట్టేవాడు తెలుగువాడు. ప్లాను పాసుచేసే పురపాలక ఉద్యోగికి సెట్‌బ్యాకు కొలవడం వచ్చును, అద్దంలో దాటే వేడిని కొలవడం రాదు. హైదరాబాదులో అందుకే బయటి పరిశీలకులచేత ధ్రువీకరింపజేసే పద్ధతి పెట్టుకున్నారు. కాగితం మీద చూపిన అద్దం వేరు, బిగించిన అద్దం వేరు కావచ్చును. అన్నింటికన్నా పెద్దలోపం, హద్దుకు దిగువన ఉన్న వేలకొలది దుకాణాలు. 2022లో పార్లమెంటు చట్టాన్ని సవరించి నివాస భవనాలను కూడా దాని పరిధిలోకి తెచ్చినది. హద్దును ఇంకా దించుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చినది. 2024లో బ్యూరో కొత్త నియమావళి వెలువరించినది. 2020 జనవరి నుంచి నక్షత్రముద్ర గల ప్రతి గది యంత్రం 24 డిగ్రీల వద్దనే మొదలుకావలెనన్న నిబంధన ఉన్నది. అది గోడతో పనిలేని సులభమార్గం, ఇంటింటికీ చేరినది.

ఈ వ్యాసానికి సామగ్రి చూచుకుంటూ మేము ఒక సాయంకాలం వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టుకు కొంత దూరాన ఒక పాత మేడ దగ్గర ఆగినాము. బట్టలకొట్టుగా మారుస్తున్నారు. పైన మద్రాసు టెర్రసు సగం పగులగొట్టి ఉన్నది. కింద మూడు నిలువుల ఎత్తు అద్దానికి ఇనుపచట్రం లేస్తున్నది. చట్రం పడమటి మొగం. యజమాని పెద్దమనిషి, కుర్చీ తెప్పించినారు. ముసలి మేస్త్రీ పగిలిన సున్నపుగచ్చు ముక్క ఒకటి చేతిలో పట్టుకొని ఉన్నాడు.

“బాబుగారూ, ఇది మా నాయన కొట్టిన గచ్చు కాకపోవచ్చు గాని, ఆ కాలందే. సమ్మెట దిగనంటోంది,” అన్నాడు.

“తీసేయక తప్పుతుందా మేస్త్రీ? పై రెండంతస్తులు దాని మీద నిలబడతాయా?” అన్నారు యజమాని. మాట నిజమే, నిలబడవు.

పొదుపు నియమాల సంగతి తమకు తెలుసునా అని మేము అడిగినాము. తెలుసునన్నారు. ఇంజనీరు చెప్పినాడట. స్థలం వేయి మీటర్లకు లోపే, కట్టుబడి రెండువేలకు లోపే. కరెంటు లోడు దరఖాస్తులో ఎంత వ్రాసినారని అడిగినాము.

“తొంభై ఎనిమిది,” అని ఆయన నవ్వినారు.

తరువాత కాసేపు ఆయన తమ తండ్రిగారి కాలంలో ఇదే మేడలో వేసవి మధ్యాహ్నం పద్దులు వ్రాసుకున్న సంగతి చెప్పినారు. పంకా లేదట, అయినా చెమట పుస్తకం మీద పడేది కాదట. మేము లేచేటప్పుడు మేస్త్రీ యజమానిని ఇంకొక మాట అడుగుతున్నాడు. కొత్త స్లాబు పోసి తడి ఆరిన తరువాత పైన రెండు పూతలు సున్నం వేయించమంటారా, అది కాంట్రాక్టులో లేదు, కూలి వేరే అవుతుంది, అని. ఎంత అవుతుందని ఆయన లెక్క అడిగినారు.